ఎనిమిదో షాఫ్టు

"ఇదీ పాయె నాయనా. ఎనిమిదోది."

కొండప్ప ఆ పంపు షాఫ్టును తెచ్చి తండ్రి ముందర గోనెపట్ట మీద పెట్టాడు. విసిరికొట్టలేదు. విసిరికొట్టి ఉంటే ఇంట్లో అందరికీ కాస్త ఊపిరాడేది. జ్వరం తగిలిన బిడ్డను దించినట్లు మెల్లగా దించాడు.

నరసింహప్ప వక్కాకు నమలడం ఆపాడు. షాఫ్టు వైపు చూడలేదు. పెద్దకొడుకు మొహం వైపు చూశాడు.

"నువ్వేనా కోసింది?"

"నేనే. నిన్న పొద్దున."

"దగ్గరుండి?"

"రెప్ప కొట్టకుండా కోసినా. ఇప్పుడు పుల్లీ ఎక్కించబోతే కీ దిగలే. గాడి పక్కకు పడిండాది."

షాపుకూ వంటింటికీ నడుమ ఉన్న తలుపు సందులో చిన్నకోడలు సుజాతమ్మ చేట పట్టుకొని నిలబడి ఉంది. చేటలో రాగులు ఒక పక్కకు జారాయి. ఆమె సర్దలేదు.

ఇరవైరెండు రోజుల కిందట, ఇదే గోనెపట్ట దగ్గర, పంపులు బాగుచేయించుకోను వచ్చిన రైతుల ముందర నరసింహప్ప చిన్నకొడుకును నిలబెట్టాడు. "ఏడు షాఫ్టులు పాడు చేస్తివి. కండ్లు యాడ పెట్టుకోని పని చేస్తాండావురా?" అన్నాడు. మునినారాయణ ఒక్క మాట తిరిగి అనలేదు. అనకపోవడమే తండ్రికి ఇంకా మండింది. "నా షాపు మెట్లు దిగు" అన్నాడు.

మునినారాయణ దిగాడు. మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కొని, చొక్కా తొడుక్కొని, పెండ్లాం ఉన్న వంటింటి వైపు ఒకసారి చూసి, వీధి వాకిట్లోంచే వెళ్ళిపోయాడు. బాగేపల్లిలో ఒక నూనె మిల్లులో పనికి కుదిరాడని మూడో నాటికి చింతామణిలోని ఇంటికి కబురొచ్చింది. ఉత్తరం రాలేదు. వచ్చినా ఆ ఇంట్లో ఉత్తరాలు మామ నోట్లోంచి బయటికి వచ్చాకే కోడళ్ళకు చేరతాయి.

ఇప్పుడీ ఎనిమిదోదాన్ని కోసింది ఆయన కాదు.

సుజాతమ్మకు లోపల ఒక సంతోషం పుట్టింది. పుట్టగానే సిగ్గేసింది. అవతల ఈ పంపు కోసం కాచుకున్న కైవారం ఊరి రైతు ఉర్లగడ్డ దుంపల తోట నీళ్ళు లేక వాడుతోంది, ఇక్కడ తాను పాడైన ఇనుమును చూసి సంతోషపడుతోంది. అయినా అది పోనంది. తప్పు ఆయన చేతిది కాదు. ఇంక మామ పిలిపించక ఏం చేస్తాడు?

నరసింహప్ప పైపంచ దులుపుకొని లేచాడు.

"వాడు చెడగొట్టిపోయిన మిషన్ అది. నీకు మాత్రం యాడ లొంగుతాది?"

ఆ సంతోషం అంతే, కర్పూరం ఆరినట్లు ఆరిపోయింది.

* * *

చిక్కబళ్ళాపురం నుంచి బయ్యప్ప వచ్చేటప్పటికి ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఆయన నరసింహప్ప భార్య చౌడమ్మకు తమ్ముడు. యుద్ధం రోజుల్లో బెంగళూరులో మిషన్ల మీద పనిచేసి ఎడమచేతి చిటికెన వేలు సగం పోగొట్టుకున్న మనిషి. కొడుకు ఇల్లు విడిచిపోయిన బాధ భర్తకు చెప్పుకోలేక చౌడమ్మే పోయిన వారం తమ్ముడికి కబురు చేసింది.

"ఏం బావా, ఎవురన్నా పోయినారా? అందురూ ఇట్ల నిల్చుకోనుండారు!"

"పోయింది షాఫ్టు" అన్నాడు నరసింహప్ప.

"షాఫ్టు పోతే మైల లేదు గదా. అయితే ముందు కాపీ ఇయ్యమ్మా" అని సుజాతమ్మ నిలబడిన తలుపు వైపు కేకేశాడు.

ఆమె కాపీ తెచ్చి గడప ఇవతలే పెట్టింది. మామా బావా ఉన్నచోట ఆమె గడప దాటదు. అక్కడి నుంచి మిల్లింగ్ మిషన్ బాగా కనిపిస్తుంది. గనుల వేలంలో కొన్న పాత ఇంగ్లీషు మిషన్. పక్కన పిడిచక్రం తిప్పితే ఇనుపబల్ల జరుగుతుంది, బల్ల మీద బిగించిన షాఫ్టులో పైనున్న కట్టరు గాడి కోస్తుంది. ఆ గాడిలో కీ కూర్చుంటేనే పుల్లీ షాఫ్టును వదలకుండా తిరుగుతుంది.

బయ్యప్ప పంచె ఎగ్గట్టి మిషన్ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. కట్టరు వంకర తిరుగుతోందేమోనని చేత్తో తిప్పి చూశాడు. లేదు. షాఫ్టును పట్టుకునే బిగింపు విప్పి, అడుగున ఇనుపరజను ఉందేమోనని గోటితో గీరి చూశాడు. శుభ్రంగా ఉంది.

"నువ్వెట్ల సెట్ చేసినావో అట్లే చెయ్యి కొండా. నేను చూస్తా."

కొండప్ప సిగరెట్టు పెట్టెలోని పల్చని కాగితం ముక్క చించి నూనెతో షాఫ్టు పక్కన అంటించాడు. బల్లను సన్నగా జరిపాడు. తిరిగే కట్టరు కాగితాన్ని లాక్కున్న క్షణం చేయి ఆపాడు.

"ఆడి నుంచి?"

"షాఫ్టులో సగం, కట్టరులో సగం, కాగితం మందం. అంత జరిపితే నడిమధ్య. ఆడ డయలు మీద సున్న పెడతా."

"దాటిపోతే?"

"బాగా వెనక్కి లాక్కోని మళ్ళా ముందుకొస్తా. మర కొంచెం వదులు, ఆడతాది మామా, ఎప్పుడూ ఒక పక్క నుంచే రావాల. తమ్ముడు నేర్పించినాడు."

తమ్ముడు అనే మాట దగ్గర కొండప్ప గొంతు తగ్గింది. నరసింహప్ప గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

బయ్యప్ప ఒక పాత ముక్క బిగించి గాడి కోయించాడు. రెండు పక్కలా కొలిచాడు. అటెంతో ఇటెంత.

"ముసలిదైనా పతివ్రత బావా ఈ మిషన్. దీనికేం రోగం లేదు."

"అంటే చేతులకే రోగం" అన్నాడు నరసింహప్ప.

"ఇద్దురు కొడుకుల చేతులకూ ఒకే రోగమా? నువ్వు కన్నప్పుడు చూసుకోవల్ల."

కొండప్పకు నవ్వొచ్చింది. తండ్రి మొహం చూసి మింగేశాడు.

మూలన పాడైన ఏడు షాఫ్టులూ నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కదాని మీదా కోసిన తేదీ సుద్దతో రాసి ఉంది. అన్నీ కన్నడ అంకెలు. బళ్ళో నేర్చుకున్నట్లే మునినారాయణ ఎప్పుడూ కన్నడ అంకెలే వేస్తాడు. ఆయన వేసే తొమ్మిదికి తోక పొడుగు. ఇరవైరెండు రోజుల తర్వాత ఆ తోకను చూసి సుజాతమ్మ గడప మీద వేలితో అదే తోక గీసింది.

బయ్యప్ప తేదీలు ఒక్కొక్కటే చదివాడు. కొండప్ప గోడమీది క్యాలెండరులో కాగితాలు వెనక్కి తిప్పాడు.

"శుక్రవారం... ఇదీ శుక్రవారమే మామా... ఇదీ..."

ఏడూ శుక్రవారాలే. నిన్నటిదీ శుక్రవారమే.

"సెట్ చేసేది ఎప్పుడు?"

"ముందు దినం సాయంత్రం, కరెంటు కాసేపు వచ్చినప్పుడు. పొద్దున కరెంటు నాలుగు గంటలే గదా ఉండేది. సున్న పెట్టి, బల్ల వెనక్కి లాగి, తాళం వేసుకోని పోతాం. పొద్దున్నే షాఫ్టు బిగించి, బల్లను సున్న దాకా తెచ్చి కోసేదే."

బయ్యప్ప పిడిచక్రం దగ్గర వంగాడు. పిడి వెనకాల గాజంత ఉక్కు ఉంగరం ఉంటుంది. దాని చుట్టూ నూరు సన్న గీతలు, పదేసి గీతలకు ఒక అంకె. దాన్నే డయలంటారు. బయ్యప్ప దాని మీద మిగిలిన సగం వేలు ఆనించి పక్కకు నెట్టాడు. అది చడీచప్పుడు లేకుండా తిరిగింది.

"దీన్ని బిగించే మర యాడ?"

"కొన్నప్పుడే లేదు."

"చూడు, వేలితో తిరుగుతాది. ఈ గీతలు ఇరవై జరిగితే గాడి అర్ధ మిల్లీమీటరు పక్కకు పోతాది. కంటికి కనపడదు, కీ మాత్రం దిగదు." నడుం మీద చేయి పెట్టుకొని లేచాడు. "కానీ దానంతట అది జరగదప్పా. ఎవురో జరిపినారు."

సుజాతమ్మ కుడిచేతి వేలి కొసకు ఆ ఉంగరం తెలుసు. ఎంత నెడితే కదులుతుందో, కదిలేటప్పుడు ఎంత నున్నగా ఉంటుందో తెలుసు.

ఆమె ఆ వేలిని కొంగులో దాచుకుంది.

* * *

పోయిన దసరాకు ఆయుధపూజ అయిన మరునాడు నరసింహప్పే అన్నాడు. "చౌడమ్మకు మోకాళ్ళు వంగడం లేదు. ఇంక మీద ప్రతి శుక్రవారం చిన్నకోడలు మిషన్లకు బొట్టు పెట్టల్ల. బొట్టు లేని ఇనుము మీద నా కొడుకులు చెయ్యి పెట్టకూడదు." శుక్రవారం పొద్దున తన మొలతాటికున్న తాళంచెవి తీసి చౌడమ్మకిస్తాడు, చౌడమ్మ కోడలికిస్తుంది.

తొలి శుక్రవారం తడిగుడ్డతో మిషన్ తుడుస్తూ ఉంటే డయలు మీది సున్న కింది వైపు తిరిగి కనిపించింది. గోడ మీద పటం ఒరిగి ఉంటే చేయి ఊరుకుంటుందా? సుజాతమ్మ వేలితో మెల్లగా తిప్పి సున్నను ముందుకు తెచ్చింది. చక్కగా నుదురులాగా ఉంది. దానికే పసుపు రాసి కుంకుమ పెట్టింది. పుట్టిల్లు చాకవేలులో, ఊరి బళ్ళో ఏడో తరగతి దాకా లెక్కలు చేసిన పిల్లే, కానీ సున్న అంటే అక్కడ ఏమీ లేదని చెప్పారు గాని, అది ఉన్నచోటే ఉండాలని ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత అది వాడుకైంది. ఆ ఇంట్లో పగలు మొగుడూ పెండ్లాం మాట్లాడుకునే వీలు లేదు. శుక్రవారం పొద్దున ఆ కాసేపే ఆమెది. బొట్టు పెట్టాక, ఆయన అరచేయి రాసుకొని రాసుకొని మెరుగెక్కిన పిడి మీద తన అరచేయి పెట్టి నిలబడేది. ఇనుము చల్లగానే ఉండేది. ఆయన చేయి ఎక్కడుండేదో అక్కడ తన చేయి ఉంది, అంతే చాలనిపించేది.

ఆయన పోయాక మిషన్ నిలిచిపోయింది. పూజ నిలవలేదు. మూడు శుక్రవారాలు గడిచాయి. నిన్న పొద్దున ఆమె ఆ పిడి దగ్గర చాలాసేపు నిలబడింది. చౌడమ్మ రెండుసార్లు పిలిస్తే గాని కదల్లేదు. ముందు రోజు సాయంత్రం కొండప్ప దాన్ని సెట్ చేసి పెట్టాడని ఆమెకు తెలియదు.

"ఎవురు జరిపింటారు?" అంటున్నాడు కొండప్ప. "తాళంచెవి నాయన దగ్గరుంటాది. శుక్రవారం మాత్రం..."

మధ్యలో ఆగిపోయాడు.

నరసింహప్ప తల మెల్లగా వంటింటి తలుపు వైపు తిరిగింది.

"నేనే జరిపినా" అంది చౌడమ్మ.

ఆమె ఎప్పుడు వచ్చిందో, కోడలిని వెనక్కి నెట్టి గడప మీద నిలుచుంది. "ముసలిదాన్ని. తుడిచేటప్పుడు చెయ్యి తగిలింటాది. నన్ను తిట్టుకో."

"నువ్వు ఈ షాపు గడప దాటి నాలుగు నెల్లాయె."

"నీకు చెప్పి దాటల్లనా?"

"ఆ మెట్టు దిగి చూపించు."

చౌడమ్మ గోడ పట్టుకొని ఒక కాలు కిందికి దించింది. మోకాలు వంగలేదు. దవడలు బిగించి ఇంకో కాలు కూడా దించబోయింది.

"వద్దత్తా."

ఆ గొంతు ఎవరిదో షాపులో వాళ్ళకు వెంటనే తెలియలేదు. పెళ్ళై ఏడాదిన్నర అయినా నరసింహప్ప ఆ గొంతు వినలేదు.

సుజాతమ్మ అత్త చేయి పట్టుకొని వెనక్కి కూర్చోబెట్టి, తాను గడప దాటింది. చూపు నేల మీదే ఉంది.

"నేనే మామా. ప్రతి శుక్రవారమూ నేనే తిప్పినా. సున్నకు బొట్టు పెట్టల్లని. తెలీక చేసినా. ఏడూ నా వల్లనే చెడినాయి. ఎనిమిదోదీ నా వల్లనే." ఊపిరి చాలక ఆగింది. "ఆయన తప్పు ఒగటీ లేదు."

వీధిలో ఎవరో ఎద్దులను అదిలిస్తున్న కేక దగ్గరగా వచ్చి దూరమైంది.

నరసింహప్ప కోడలితో మాట్లాడలేదు. పెండ్లాంతో అన్నాడు. "దానికి చెప్పు. ఏడు మార్లు నా మొహాన మన్ను కొట్టించింది. నా కొడుకును నా చేతనే వెళ్ళగొట్టించింది."

"బొట్టు పెట్టమన్నదెవురు బావా?" అన్నాడు బయ్యప్ప.

"బొట్టు పెట్టమంటిని. తిప్పమంటినా?"

"తిప్పగూడదని చెప్పినోళ్ళు ఎవురు? ఆ పిల్లకు తెలుసా, నీకు తెలుసా? పంచాంగంలో రాసిండారా?"

నరసింహప్పకు బామ్మర్ది మీద కోపం రెట్టింపైంది.

"వాడికి నోరు లేదా? మిషన్ పట్టుకోని పని చేసేవాడు, డయలు జరిగిందని వాడికి తెలీదా?"

బయ్యప్ప గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉన్నాడు. తుడుచుకోవడం ఆపలేదు.

"తెలుసు" అన్నాడు.

సుజాతమ్మ తలెత్తింది.

"పోయిన వారం బాగేపల్లి మిల్లుకు రిపేరికి పోయింటి. వాడు కనపడినాడు. ఏమప్పా నారాయణా, ఇల్లు ఎందుకు విడిస్తివని అడిగితే చెప్పలే. మూడోసారి అడిగితే చెప్పినాడు. 'ఆ దినం ఏడోది చెడినంక డయలు చూస్తిని మామా. సున్న మీద కుంకమ. తడి కూడా ఆరలే. పక్కన చిన్న చేతి గుర్తు. అప్పుడు తెలిసె. నాయన ఎదురుగా నిల్చుకోని అరుస్తాండాడు, చుట్టూ జనం. ఆ మాట చెప్తే దాన్ని నిలబెడతాడు గదా ఈ గోనెపట్ట మీద' అన్నాడు."

"నీకు ముందే తెలుసునా?" కొండప్ప నోరు తెరిచాడు. "మళ్ళెందుకు ఇంతసేపు మిషన్ అంతా విప్పించినావు?"

"చెప్పనని వాడికి మాటిచ్చినా. మిషనే చెప్తే నా తప్పు కాదు గదా." గుడ్డ మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "మిషన్ కంటే ముందు పిల్లే చెప్పె."

సుజాతమ్మ గోనెపట్ట వైపు చూసింది. ఇరవైరెండు రోజులుగా రాత్రీ పగలూ ఆమె ఒక్కటే అనుకుంది, ఇంట్లోకైనా రాకుండా పోయాడే అని. కోపమొచ్చి పోయాడనుకుంది. తన మీద మనసేమీ లేక పోయాడనుకుంది. వంటింటి వైపు ఆయన చూసిన ఆ ఒక్క చూపును ఎన్నిసార్లు విప్పి చూసినా అర్థం కాలేదు. ఇప్పుడు తెలిసింది. తెలిశాక ముందుకంటే ఎక్కువ నొప్పిగా ఉంది.

"అన్నం యాడ తింటాండాడు మామా?" అని అడిగింది. అడగాలనుకున్నది అది కాదు.

"మిల్లులోనే. వండుకుంటాడు. సంగటి గట్టిపడదంట." బయ్యప్ప నవ్వబోయి మానేశాడు. "ఇంకో మాట. బెంగళూరు ఫ్యాక్టరీ నుంచి కాగితం వచ్చిండాది వాడికి. సోమవారం చేరల్ల. రేపు పొద్దున బస్సుకు పోతాడు. ఆడ క్వార్టర్సు కూడా ఇస్తారంట."

చౌడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బెంగళూరికి పోతే ఇంక వాడు వస్తాడా? ఒక మాట... ఒకసారి పొయ్యి వస్తే బాగుంటాది."

"ఎవురు? నేనా?" నరసింహప్ప అన్నాడు. "నేను కొడుకు వాకిట్లో పొయ్యి నిలబడేదా?"

"వాకిలి యాడిది బావా, మిల్లుకు గేటే" అన్నాడు బయ్యప్ప. ఎవరూ నవ్వలేదు.

ఆయన సంచి భుజాన వేసుకున్నాడు. "పన్నెండున్నరకు చేళూరు మీద బాగేపల్లి బస్సు. నేను ఆడికే పోతాండా. ఏం చెప్పల్ల వాడికి?"

నరసింహప్ప డయలు వైపు చూశాడు.

"మిషన్ బాగైందని చెప్పు."

"అంతేనా?"

"అంతే."

బయ్యప్ప తల ఊపాడు. కోడలి వైపు తిరిగాడు. "నువ్వేమన్నా చెప్పల్లనా తల్లీ?"

చెప్పాల్సినవి ఉన్నాయి. నీళ్ళు తోడుతూ, పిండి విసురుతూ ఇన్నాళ్ళుగా ఆయనతో మనసులో అన్న మాటలు ఒక సంచికి పట్టవు. కానీ వాటిలో ఒక్కటి కూడా మామా బావా వింటూ ఉండగా ఇంకో మగమనిషి నోటికి అప్పజెప్పేది కాదు. అప్పజెప్పినా, చేళూరు దాటేటప్పటికే అవి వేరే ఎవరి మాటలో అయిపోతాయి.

"చెప్పేదేం లేదు మామా" అంది. "నేనూ వస్తా."

కొండప్ప చేతిలోని స్పానరు బల్ల మీద పెట్టాడు. ఆ చప్పుడు గట్టిగా వినిపించింది.

సుజాతమ్మ లోపలికి వెళ్ళలేదు. చీర మార్చుకోలేదు, మూట కట్టుకోలేదు. లోపలికి వెళ్తే మళ్ళీ బయటికి రాలేనని ఆమెకు తెలుసు. కొంగు భుజం నిండా లాక్కొని, బయ్యప్ప వెనకాల షాపు వాకిలి వైపు నడిచింది. కోడలిగా వచ్చాక ఆమె ఆ వాకిలి ఎప్పుడూ దాటలేదు. ఆడవాళ్ళకు పెరటి దారే.

బయ్యప్ప దాటి వీధిలోకి దిగాడు.

నరసింహప్ప ఎప్పుడు లేచాడో, ఎట్లా వచ్చాడో, వాకిట్లో గడప మీద నిలుచున్నాడు. రెండు చేతులూ రెండు తలుపుల మీద ఉన్నాయి. నోట్లోని వక్కాకు దవడకు పెట్టుకొని ఉన్నాడు. కళ్ళు కోడలి మీద లేవు, ఆమె తల మీదుగా మిషన్ వైపు ఉన్నాయి.

ఆమె ఆయనకు రెండడుగుల దూరంలో ఆగింది. ఎదురుగా మామ నిలబడితే పక్కకు తప్పుకోవడమే ఆమెకు నేర్పిన మర్యాద. కాళ్ళు ఆ మర్యాదను మరిచిపోయినట్లు అక్కడే ఉన్నాయి.

బస్టాండు వైపు నుంచి హారను మోగింది.

"జరుగు" అంది చౌడమ్మ వెనక నుంచి.

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె భర్తకు అట్లా చెప్పడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. నరసింహప్ప చేతులు తలుపుల మీది నుంచి దిగాయి. కాళ్ళు మాత్రం ఇంకా గడప మీదే ఉన్నాయి.